బొమ్మ వచ్చిందా?

అందరి ఇళ్ల మీదా యాంటెనాలు బిగించే మనిషి, పోయిన నెల డాబా మీంచి జారిపడి కాలికి కట్టుతో మంచాన ఉన్నాడు. గాలివానకు సొంత ఇంటి యాంటెనా పక్కకు తిరిగిపోతే ఈసారి భార్య మేడెక్కింది. అతను కిటికీలోంచి కేకేసి చెబుతున్నాడు.

"కొంచెం కుడివైపు తిప్పు."

"తిప్పాను. బొమ్మ వచ్చిందా?"

"లేదు, తెరంతా చీమలే. ఇంకా పైకి లేపాలేమో."

"అయితే పిట్టగోడ ఎక్కాలి."

"వద్దు. పోనీ, వదిలెయ్."

"ఎలా వదిలేస్తానండీ? పొద్దస్తమానం గదిలో ఆ గోడకేసి చూస్తూ పడుంటున్నారు."

"నాకు అలవాటైపోయిందిలే."

"నాకు కాలేదు. ఇదిగో, ఎక్కాను. ఇప్పుడు?"

"వచ్చింది! అద్దంలా వచ్చింది. దిగు, దిగు."

ఆమె రొప్పుతూ గదిలోకి వచ్చింది.

"ఏదీ బొమ్మ? అన్నీ చీమలేగా!"

"నువ్వు గోడెక్కానన్నాక నేను టీవీ వైపు చూస్తే ఒట్టు."

"మరి వచ్చిందన్నారేం?"

"నువ్వు దిగాలని. పన్నెండేళ్లు నేను ఎక్కినప్పుడల్లా కింద నీ ప్రాణం ఎలా ఉండేదో ఇవాళ తెలిసింది."

ఆమె టీవీ కట్టేసింది.

"ఇన్నాళ్లకా? సరే, కాస్త జరగండి. కాళ్లు పీకుతున్నాయి."