పెద్దామె కోసం వచ్చారా

అదిగో, మళ్ళీ తుపాకీ! వచ్చిన దగ్గర్నించీ తుపాకీ తుపాకీ అంటున్నారే గానీ, మీ తమ్ముడి కాళ్ళు ఎలా ఉన్నాయమ్మా అని ఒక్కసారైనా నోరు తెరిచి అడిగారా మీరు?

కూర్చోండి టాన్స్‌లీ గారూ. ఆ కుర్చీలో కాదు, దాని నిండా ఈకలున్నాయి, కానిస్టేబుల్ కోటు కాస్తా కోడిపెట్ట అయిపోద్ది. ఇలా పొయ్యి పక్కకి జరగండి. నేను మాత్రం చేతిలో పని ఆపను, ఏమీ అనుకోకండి. ఈ బాతులు ఇవాళ పీకకపోతే రేపు కుక్కలు కూడా ముట్టవు.

ఏమన్నాడు మా ఆయన? దొంగతనం అన్నాడా? ఆహా! ఎఫ్రాయిం పుల్లెన్ మీ స్టేషన్ దాకా నడిచొచ్చి, గడప దాటి లోపలికొచ్చి, మాటలు కూడా మాట్లాడాడా? అదృష్టవంతులండీ మీరు. ఇంట్లో ఆయన గొంతు విని ఎన్నాళ్ళయిందో నాకు. గురువారం నించీ నాతో 'ఊఁ' తప్ప ఇంకో ముక్క లేదు. తుపాకీ పోతే మాత్రం మాటలొచ్చాయి!

మీరీ ఊరికి కొత్త. మీకు తెలీదులెండి. ఇక్కడ మగాళ్ళు పెళ్ళాన్ని పేరు పెట్టి పిలవరు గానీ తుపాకీకి ముద్దు పేరు పెట్టుకుంటారు. మా వాళ్ళు దాన్ని పెద్దామె అంటారు. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క పెద్దామెని నేను కదా అని నేననుకుంటే అది నా పిచ్చి.

భుజాన పెట్టుకుని కాల్చేది కాదు సార్ అది. పడవ పొడుగునా పడుకోబెట్టాల్సిందే. గొట్టంలో కోడిగుడ్డు వేస్తే దొర్లుకుంటూ అడుక్కి పోద్ది. ఒక్కసారి పేలిందంటే బురద మీద మేస్తున్న నల్లబాతుల గుంపులో సగం అక్కడికక్కడే కూలిపోతాయి. మా నాన్నది అది. మా నాన్న పోయేప్పుడు దాన్ని మా తమ్ముడికీ మా ఆయనకీ చెరిసగం అని చెప్పి పోయాడు. నాకా? నాకు టీ కెటిల్ ఇచ్చాడు. మూత లేదు దానికి.

చిన్నప్పట్నించీ దాన్ని దట్టించింది ఎవరనుకున్నారు? నేనే. మందు కొలిచింది నేను, పాత తాళ్ళు విప్పి పీచు ఉండలు చుట్టింది నేను, సీసం రవ్వలు పోసింది నేను. మీట మీద చెయ్యి వెయ్యబోతే మాత్రం మా నాన్న మణికట్టు మీద ఒక్కటేసేవాడు. "ఆడది తాకితే బాతులు ఈ ఏట్లో దిగవే థిర్జా!" దట్టించడానికి తాకితే దిగుతాయంట. కాల్చడానికి తాకితే దిగవంట. బాతులకి ఎంత తెలివో చూశారా?

సరే, సరే. గురువారం సంగతి చెప్తాను. అదే కదా మీక్కావాల్సింది. కాదా? కాకపోయినా వినాలి మీరు. అది వినకపోతే ఇది అర్థం కాదు.

గురువారం పొద్దున నీళ్ళ తొట్టిలో మంచు పలక కట్టింది. అంత చలి పడితే మా వాళ్ళకి పండగే. మా ఆయనా మా తమ్ముడు ఓబెదూ పెద్దామెని పడవలోకి ఎక్కించుకుని పోయారు. దిగువ బురద మేట దగ్గర మంచి గుంపు తగిలిందంట, కాల్చారు. చచ్చినవి చచ్చాయి, దెబ్బ తిన్నవి కుంటుకుంటూ బురద మీద పారిపోతున్నాయి. వాటిని ఏరుకు రావడానికి మా ఓబెద్ బురదలో దిగబడకుండా పాదాలకి చెక్కలు కట్టుకుని, భుజం తుపాకీ పట్టుకుని దిగాడు. అదీ చిన్నదేం కాదు, నా అంత పొడుగు ఉంటుంది. వాడు ఏరి తెచ్చి పడవలో వేస్తున్నాడు, మళ్ళీ పోతున్నాడు. ఇంకొకటి, ఇంకొకటి. ఆశకి అంతెక్కడండీ?

పొగమంచు దిగింది. దిగడం అంటే మెల్లగా కాదు, పొయ్యి మీద మూత బోర్లించినట్టు. ఆ వెనకాలే పోటు తిరిగింది. దానికి తోడు గాలి.

మా ఓబెద్ అరుస్తూనే ఉన్నాడు. "బావా! ఇటు బావా!" అని. మా ఆయనకి వినపడింది. వినపడలేదని ఆయన కూడా అనలేదు, ఆ మాట మాత్రం ఒప్పుకోవాలి. వినపడింది గానీ పడవ గాలికి ఎదురు పోవడం లేదు. జానెడెత్తు పడవ, నిండా బాతులు, మధ్యలో పెద్దామె. అల వచ్చినప్పుడల్లా లోపలికి నీళ్ళు. బాతుల్ని నీళ్ళలో పారేశాడు. అన్నీ కాదు, సగం. మిగిలిన సగం అవిగో, నా ఒళ్ళో ఉన్నవి అవే.

తుపాకీని పారేశాడా? అడగండి! పారెయ్యలేదు. ఒక్క మోకు విప్పితే చాలు, ముందుకి జారిపోయేది. పడవ తేలికపడేది. వాడి దగ్గరికి పోయేవాడు.

విప్పలేదు సార్. పడవ తిప్పుకుని ఒడ్డుకొచ్చేశాడు, మనుషుల్ని పిలుచుకొస్తానని. మా తమ్ముణ్ణి బురదలో వదిలేసి, మా నాన్న తుపాకీని భద్రంగా ఇంటికి తెచ్చాడు.

ఒడ్డున ఎవరున్నారు? ఎవరూ లేరు, సైలస్ మసెట్ ఒక్కడు తప్ప. అవును, మీరు నిన్నటి నించీ కటకటాల్లో పెట్టుకుని కూచున్నారే, ఆ సైలసే! మా ఆయనకీ వాడికీ ఏళ్ళ తరబడి మాటల్లేవు. ఏదో గుంపుని ముందు ఎవరు చూశారనే గొడవ. దాని మీద సత్రంలో తాగి కొట్టుకున్నారు కూడా. అలాంటివాడు, మా ఆయన మొహం చూసి, "ఎక్కడ?" అన్నాడంట. అంతే. ఇంకో మాట అడగలేదు. తన పడవ తీసుకుని ఒక్కడే ఆ పొగమంచులోకి పోయాడు.

ఓబెద్ ఏం చేశాడనుకున్నారు? ఆ భుజం తుపాకీని గొట్టం కిందకి పెట్టి బురదలో దింపేశాడు, ఎంత దిగితే అంత. నడుం బెల్టు తీసి దానికి తనని కట్టేసుకున్నాడు. మోకాళ్ళ దాకా, నడుం దాకా, చంకల దాకా నీళ్ళు. గెడ్డం పైకెత్తి పాటలు అందుకున్నాడంట. దేవుడి పాటలా? నా మొహం! సత్రం పాటలు. ఆ వంటావిడా మిల్లు కుర్రాడూ పాట ఉంది చూడండి, నాలాంటివాళ్ళు వింటే చెవులు మూసుకోవాలి, అది. సైలస్ ఆ పాట వింటూ వింటూ పోయి పట్టుకున్నాడు. "చచ్చేవాడు ఇంత పచ్చిగా పాడతాడా అనుకున్నాను థిర్జమ్మా" అన్నాడు నాతో. అలా అంటూనే ఆ గోడకి తిరిగి ఏడ్చేశాడు.

చలికి గడ్డకట్టి నల్లబడ్డ వేళ్ళు డాక్టరు తీసేశాడు. ఎడమ కాలివి అన్నీ, కుడి కాలివి కొన్ని.

ఇప్పుడు చెప్పండి. ఎవరి మీద కోపం రావాలి నాకు? మా ఆయన మీదే కదా? వచ్చింది. ఈ కత్తి పట్టుకుని బాతుల మెడలు కోస్తుంటే నాకేమేం ఆలోచనలొచ్చాయో పాస్టరు గారికి కూడా చెప్పుకోలేను. కానీ ఆగాను. క్షమాపణ అడుగుతాడు, వాడి కాళ్ళ దగ్గర కూచుంటాడు, అప్పుడు చూద్దాం అనుకున్నాను.

వచ్చాడు. శనివారం మధ్యాహ్నం. ఓబెద్‌ని ఆ గదిలోనే పడుకోబెట్టాను. నేను సూపు గిన్నె పట్టుకుని గుమ్మంలో ఉన్నాను. మా ఆయన టోపీ చేతిలో నలుపుకుంటూ నిలబడ్డాడు. ఇదిగో, ఇప్పుడంటాడు, ఇప్పుడంటాడు అని నేను చూస్తున్నాను.

ముందు ఓబెదే అడిగాడు. ఏమడిగాడో చెప్పనా?

"బావా, పెద్దామెకి ఉప్పునీళ్ళు తగల్లేదు కదా?"

"లేదురా. తుడిచి నూనె పూశాను."

"పారేస్తావేమో అని హడిలి చచ్చాను బావా. నీళ్ళు చంకల దాకా వచ్చినా అదే దిగులు."

"పిచ్చోడా, ఎలా పారేస్తాను?"

ఇద్దరూ నవ్వుకున్నారు సార్! కళ్ళంట నీళ్ళొచ్చేలా నవ్వుకున్నారు. వేళ్ళు పోయినవాడూ నవ్వాడు, పోగొట్టినవాడూ నవ్వాడు. మధ్యలో నేను, గిన్నె పట్టుకుని, మా ఇంట్లో నేనే పరాయిదాన్ని అయినట్టు!

నేనన్నాను, "ఏరా, సిగ్గు లేదా నీకు? నిన్ను వదిలేసి వచ్చాడురా వాడు!"

"ఊరుకో అక్కా. నేనైనా అదే చేసేవాణ్ణి" అన్నాడు. ఎంత తేలిగ్గా అన్నాడో! అప్పం ముక్క ఇంకోటి పెట్టక్కా అన్నట్టు.

అప్పుడు తెగిందండీ నాకు. మా ఆయన మీదున్న కోపం ఒక్కటే అయితే ఓర్చుకునేదాన్ని. మొగుడన్నాక కోపం మామూలే. కానీ వీడు? నేను ఎత్తుకుని పెంచినవాడు?

ఆదివారం తలనొప్పి అన్నాను. అందరూ చర్చికి పోయారు. మా ఆయన కూడా పోయాడు, ముందు వరసలో కూచోడానికి. ఓబెద్ డాక్టరిచ్చిన మందు తాగి నిద్రపోతున్నాడు. నేను తుపాకీ మందు డబ్బా తీసుకుని పాయలో పెద్దామె ఉన్న పడవ దగ్గరికి పోయాను.

ఏంటలా చూస్తున్నారు? అవును, నేనే. సైలస్ కాదు, నేను.

దట్టించాను. చేతులకి అలవాటే కదా, అవే చేసుకుపోయాయి. పడవ తోసుకుని ఆటు వెంట దిగువకి పోయాను. ఈ పావడాలూ ఇవన్నీ తడిసి ముద్దయిపోయాయి. పడవలో బోర్లా పడుకున్నాను, మా నాన్న పడుకున్నట్టే. ఎదురుగా బురద మీద గుంపు ఉంది. దగ్గరగానే. వాటి గొణుగుడు కూడా వినపడుతోంది. కాలిస్తే ఊరందరికీ కూర.

గొట్టం పక్కకి తిప్పేశాను. ఖాళీ నీళ్ళ మీదకి. మీటకి కట్టిన తాడు పట్టి లాగాను.

మీరు చర్చిలోనే ఉన్నారుగా? కిటికీ అద్దాలు గడగడలాడాయంట. పాస్టరు గారు తీర్పు దినం గురించి చెప్తున్నారంట సరిగ్గా అప్పుడే. వెనక బెంచీ ముసలమ్మ మోకాళ్ళ మీద పడిపోయిందంట. మీరు పాటల పుస్తకం జారవిడిచారని కూడా విన్నాను. నవ్వకూడదు గానీ... నవ్వొచ్చింది.

ఆదివారం పూట ఏ పాపిష్టివాడు కాల్చాడని అందరూ తలో మాట. మంచంలో ఉన్న మా ఓబెద్ కాక మగాళ్ళలో సైలస్ ఒక్కడే చర్చిలో లేడు. తుపాకీ కనపడలేదు. ఇంకేముంది? మా ఆయన వేలెత్తి వాణ్ణే చూపించాడు, మీరు పట్టుకుపోయారు. తన బావమరిదిని నీళ్ళలోంచి లాక్కొచ్చినవాణ్ణి! అది ఎఫ్రాయిం పుల్లెన్ కృతజ్ఞత!

ఆగండి, ఇంకా ఉంది. మీరు అడగబోయేది నాకు తెలుసు. చెప్తాను.

పేలగానే పడవ నాతో సహా వెనక్కి ఎగిరింది. చెవులు దిబ్బడేశాయి. పొగ. గుంపంతా ఒక్కసారి లేచింది, ఆకాశం కనపడలేదు. నా గుండె ఎలా కొట్టుకుందో తెలుసా? భయంతో కాదు. చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఎంత బాగుందో! పుట్టి బుద్ధెరిగాక అంత చప్పుడు నేను చేసింది ఎప్పుడూ లేదు. ఇంకోసారి, ఇంకొక్కసారి అనిపించింది. చేతులు వాటంతటవే మందు డబ్బా కోసం వెతికాయి.

అప్పుడు వచ్చిందండీ అసలు కోపం. ఇన్నాళ్ళూ దీన్ని నాకు దక్కనివ్వలేదని ఒక పక్క. దీని కోసం మా వాణ్ణి నీళ్ళలో నిలబెట్టారని ఒక పక్క. నాక్కూడా ఇది కావాలనిపించిందని ఇంకో పక్క! ఎవర్ని తిట్టాలో తెలీలేదు. అందర్నీ తిట్టాను. మా నాన్నని కూడా. నీళ్ళ మీద ఒక్కదాన్నీ కూచుని ఎంత గట్టిగా తిట్టానో. చెవులు పనిచెయ్యడం లేదుగా, నాకే వినపడలేదు.

ఏటి మధ్య మడుగు దాకా పోయాను. మోకు విప్పాను. తుపాకీ వెనక కొస ఎత్తి తోశాను. పడవ ముక్కు మునిగి నేనూ పోయాననుకున్నాను. పెద్దామె జారింది. బుడగలొచ్చాయి, అంతే. అక్కడ అడుగంతా మెత్తటి బురద. వెతుక్కోమనండి.

చట్టం ఏమంటుందో నాకు తెలీదు. మా నాన్న తుపాకీ అని నేనంటాను, మా ఇద్దరిదీ అని వాళ్ళంటారు. మీ న్యాయాధికారి ఏదో ఒకటంటాడు. నన్ను తీసుకుపోతారా, పదండి, శాలువా కప్పుకుంటాను. ముందు వెళ్ళి సైలస్‌ని వదలండి. తలుపు తీసి, తప్పయిందని చెప్పి మరీ వదలండి.

ఎఫ్రాయింని పిలవమంటారా? ఇంట్లో లేడు. అందుకేగా ఇంత గట్టిగా మాట్లాడుతున్నాను. పొద్దున్నే బండి మాట్లాడుకుని ఏటి అవతలికి పోయాడు. అక్కడెవరో విధవరాలి దగ్గర ఇంతకంటే పెద్ద తుపాకీ ఉందంట, అమ్మేస్తుందంట.

మా ఓబెదూ ఆయన వెంట పోయాడు.

అవునండీ, కట్లతోనే! నడవలేడుగా, మా ఆయన వీపు మీద మోసుకెళ్ళి బండిలో కూచోబెట్టాడు. కాళ్ళ కింద నా దిండే పెట్టాడు. నేను బండికి అడ్డం నిలబడ్డాను. "ఒరే, నీకు వేళ్ళు లేవురా, నిలబడలేవురా, ఎక్కడికిరా?" అన్నాను. ఆ వెధవ ఆకాశం వంక చూశాడు. మొహం వెలిగిపోతోంది.

"గాలి తూర్పుకి తిరిగిందక్కా" అన్నాడు. "ఇవాళ బాతులు దిగుతాయి."

ఏం చెప్పమంటారు? తప్పుకున్నాను. పోండిరా అన్నాను.