చెక్క గరిటె చేతికొచ్చాకే గీజరు

సభాధ్యక్షులైన మూడో అంతస్తు దంతవైద్యులవారికి, ముందు వరుసలోని పెద్దలకు, కుర్చీలు చాలక మెట్లమీద కూర్చున్న మిత్రులకు నమస్కారాలు. మన స్టేషన్ మాస్టరమ్మగారి సన్మానానికి ముందు తీర్మానం, తీర్మానానికి ముందు సమావేశం, ఆ సమావేశం ఎప్పుడో తేల్చడానికి మరో సమావేశం జరగాలని మన భవన సంఘం నియమావళి. కార్యదర్శిగా అన్నీ జరిపించాను. శాలువా మాత్రం ఇంకా రాలేదు. (నవ్వులు)

భవనమంతటికీ పాత తీగ ఒక్కటే దిక్కైన ఆ చలికాలంలో, పొద్దున్న ఏడింటికి అన్ని ఇళ్ళ గీజర్లూ ఒక్కసారిగా లేచేవి, ఫ్యూజు పడుకునేది. కింది ఇంట్లో దర్జీగారి తల్లికి ఊపిరి అందించే యంత్రమూ దానితోపాటే ఆగేది. ఆయన కత్తెర వదిలేసి, మెట్లెక్కి తలుపులు బాదేవారు. సంఘం వెంటనే స్పందించి, ఏడింటికి ఎవరూ గీజరు వేయరాదని నోటీసు అంటించింది. అందరూ క్రమశిక్షణతో ఎనిమిదింటికి వేశారు. ఫ్యూజు కూడా క్రమశిక్షణతో ఎనిమిదింటికే పోయింది.

అప్పుడు మన స్టేషన్ మాస్టరమ్మ, ఉద్యోగం నుంచి రిటైరైనా గొంతును రిటైర్ చేయని మనిషి, వంటింట్లోంచి చెక్క గరిటె పట్టుకొచ్చి, "ఒంటి లైను మీద రెండు బళ్ళు వదుల్తామా? టోకెన్ ఉన్న బండే కదుల్తుంది. ఈ గరిటె ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే గీజరు వెయ్యాలి. నీళ్ళు కాగాక పక్కింటికివ్వాలి" అన్నారు.

"మరి నా ఇస్త్రీపెట్టె, పిన్నిగారూ?" అన్నాను.

"అది గూడ్సు బండి నాయనా. ప్యాసింజర్లు వెళ్ళాక."

ఆ చలికాలమంతా నలిగిన చొక్కాతోనే ఆఫీసుకు వెళ్ళాను. (నవ్వులు)

గరిటె తిరిగింది. పూలకుండీ దగ్గర మాటపట్టింపు వచ్చి పలకరింపులు మానేసిన తోడికోడళ్ళు కూడా "ఇదిగో", "ఊఁ" అనుకోవాల్సి వచ్చింది. యంత్రం మళ్ళీ ఆగలేదు. దర్జీగారి తల్లి ముందు వరుసలోనే ఉన్నారు. "ఉపన్యాసం తొందరగా కానివ్వు బాబూ, ఆకలేస్తోంది" అంటున్నారు. ఈ సంఘం సాధించిన విజయాల్లో ఇంత గట్టి గొంతున్నది మరొకటి లేదు. (చప్పట్లు)

నిన్నటితో కొత్త తీగ వేయడం పూర్తయింది. గరిటెకు పని తీరింది, పిన్నిగారికి బాధ్యత తీరింది, అందుకే ఈ సభ. కానీ ఈ పొద్దున్న ఎవరి నీళ్ళు వాళ్ళు కాచుకుని, ఎవరి తలుపులు వాళ్ళు మూసుకున్నాం. అది నాకేమీ బాగా అనిపించలేదు. పిన్నిగారికీ, ఓపిగ్గా విన్న మీకూ కృతజ్ఞతలు చెప్పుకుంటూ, కార్యదర్శి హోదాలో ప్రకటిస్తున్నాను: కరెంటు ఎంత పుష్కలంగా ఉన్నా సరే, పక్కింటి తలుపు తట్టి, "మీ నీళ్ళు కాగాయా?" అని అడిగి, జవాబు పూర్తిగా వినకుండా ఈ భవనంలో ఎవరూ స్నానం చేయరాదు. ఇదే తుది నిర్ణయం, అప్పీలు లేదు. సెలవు.