కుక్కను తెచ్చింది మీ తాత

"నాయనమ్మా, చెప్పుల దుమ్ము గడప దాటితేనే నీకు పడదు గదా. అసొంటిదానివి కుక్కను ఇంట్లకు ఎట్ల రానిచ్చినవ్?"

నేనెక్కడ రానిచ్చిన బిడ్డా. మీ తాత తెచ్చిండు. గా ఫోను జర దగ్గర పెట్టు, నా గొంతు గింతే, పెద్దగ మాట్లాడలేను. ఆఁ. ఎక్కుతున్నదా నా మాట? సరే.

అప్పటికి నువ్వు రెండో తరగతో మూడో తరగతో. మీ తమ్ముడు ఇంక పుట్టలే. గీ సూర్యాపేట ఇంట్లనే ఉన్నం, మీద రూములు అప్పుడు లేవు, గోడలకు సున్నమే... కాదు, సున్నం కాదు, అప్పటికే రంగులేసినం. సరే, అది ఇడిసిపెట్టు.

మీ తాత సంగతి నీకు పూర్తిగ తెల్వది. ముప్పై ఏండ్లు లారీ నడిపిండు. మిర్యాలగూడ మిల్లులల్ల బియ్యం ఎత్తుకొని ఎక్కడెక్కడికో పోతుండె. ఇంటికొస్తె తినుడు, పండుడు. తిన్న కంచంల సెయ్యి కడుక్కొని లేస్తుండె. గ్లాసు ఎక్కడ తాగితె అక్కడ్నే, బనీను ఇడిసిన కాడ్నే. సీపురు ఏ మూలకుంటదో ఎరుగడు. నేనేం అనకపోయేదాన్ని, మా కాలంల మగోళ్ళందరు గట్లనే ఉండె. మా అక్కను పెద్దవూరల ఇచ్చినం సూడు, ఆమె మొగడైతె కాళ్ళు కడుక్కోనీకి గుడ సెంబు అందియ్యాలె. ఆయనతోని సూస్తె మీ తాత నయమే అనుకుంటుంటి.

ఇగ నా సంగతి నీకెరికె. రెండు పూటల ఇల్లు తుడ్వాలె. బస్సు దిగొస్తె సీర మార్సి నానబెట్టాలె. బజార్ల కొన్న కూరగాయలు ఉప్పు నీళ్ళల్ల ఏసినంకనే వంటింట్లకు రావాలె. మీ అమ్మ కొత్తగ కాపురానికొచ్చినప్పుడు నన్ను సూసి భయపడె, పాపం.

లారీ బందు పెట్టినంక మీ తాతకు పొద్దు పోకపోతుండె. ఒకనాడు మిర్యాలగూడల పాత దోస్తును సూసొస్త అని పోయిండు. సాయంత్రం వచ్చిండు, సేతుల బియ్యం సంచి. కొత్త బియ్యమేమో అనుకున్న. సంచి కదులుతున్నది. కింద పెట్టి మూతి ఇప్పిండు. లోపలికెల్లి కుక్కపిల్ల. తవుడు రంగు ఉండె, ఒళ్ళంత ఊక. తల్లి లారీ కింద పడి సచ్చిందంట, మిల్లోళ్ళు పిల్లను గేటు బయటేసిండ్రంట.

"ఇది మనింట్ల ఉంటది" అన్నడు.

"ఇదుంటె నేనుండ. మా అక్క దగ్గరికి పోత" అన్న.

"ఎందుకు పోతవ్? నీకేం పని పడది. దీని పని మొత్తం నేనే సూసుకుంట."

నాకు నవ్వొచ్చింది. "నీ పనే నేను సూసుకుంటున్న గదయ్యా, నువ్వు దీని పని సూస్తవా? సరే, సూద్దాం. దాని ఉచ్చ, దాని దొడ్డి నేను ముట్ట, కోడలు ముట్టది. ఒక్కనాడు ఎత్తకుంట ఇడిసిపెట్టినవా, అదే సంచిల ఏసి బయట పెడ్త" అన్న.

"సరే" అన్నడు. అంతే. సిన్నోడు అని పేరు పెట్టిండు దానికి.

నాలుగు రోజులల్ల ఖతం అయితది అనుకున్న నేను.

మర్నాడు పొద్దుగాల వరండాల దొడ్డి చేసి పెట్టింది. మీ తాత లేసి సూసి, "ఏమే, గిటు రా" అని పిలిసిండు. నేను వచ్చి సేతులు కట్టుకొని నిలబడ్డ. మీ అమ్మ ఎనక నిలబడ్డది. ఆయన మా మొఖాలు సూసిండు, దాన్ని సూసిండు. "సీపురు యాడుంటది?" అన్నడు. పెండ్లయిన ఇన్నేండ్లకు అడిగిండు ఆ మాట. మీ అమ్మ నవ్వు ఆపుకోలేక లోపలికి ఉరికింది. ముక్కుకు తువ్వాల కట్టిండు, పాత పేపరుతోని తీసిండు, తీసుకుంటనే గోడ కాడికి పోయి కక్కుకున్నడు. మొఖం కడుక్కొని మల్ల వచ్చి మిగిలింది తీసిండు. ఫినాయిల్ బుడ్డి సగం గుమ్మరిచ్చిండు. ఇల్లంత సర్కారు దవాఖాన వాసన.

మరునాడు గుడ తీసిండు. ఆ మరునాడు గుడ. ఇగ మానుతడు, ఇగ మానుతడు అని నేను సూసుడే. మానలే బిడ్డా.

ఒకసారి ఎదురింటామెతోని లొల్లి అయింది. టీచరు గారి భార్య, ఇప్పుడు వాళ్ళు లేరులే, ఇల్లు అమ్ముకొని పోయిండ్రు. ఆమె గేటు ముంగట, పొద్దున్నే ముగ్గు మీద సిన్నోడు చేసిండు. ఆమె మన వాకిట్లకు వచ్చి, "మీ ఇల్లు అద్దం లెక్క పెట్టుకొని మీ కుక్కను మా ఇంటి మీదికి తోల్తరా? కుక్కను సాకుడు తెలిస్తె సాలదు, బాధ్యత ఉండాలె" అన్నది. నాకు తల కొట్టేసినట్టయింది. నన్ను, నన్ను అన్నది ఆ మాట. ఇగ మీ తాత నోరు ఇప్పుతడు అనుకున్న. లారీ డ్రైవరు నోరు ఎట్లుంటదో నీకేం తెలుసు. కోపమొస్తె సందుల కుక్కలు గుడ మొరుగుడు ఆపుతుండె.

ఈయన బకీటుల నీళ్ళు పట్టుకొని పోయిండు. ఆమె గేటు ముంగట కడిగిండు, సీపురుతోని నీళ్ళు మోరీ కాల్వలకు నూకిండు. కడిగి, "అమ్మా, ముగ్గు నాకు ఎయ్యరాదు, అది మీరే ఎయ్యాలె" అన్నడు. ఆమె లోపలికి పోయి ముగ్గు గిన్నె తెచ్చుకున్నది.

ఆ రోజు కెల్లి సిన్నోన్ని బయటికి తీస్కపోతె సేతుల పాత పేపరు, కవరు. అది కూసుంటె ఈయన నిలబడుతుండె, అది లేస్తె ఈయన వంగుతుండె. సందంత నవ్విండ్రు. నాకే సిగ్గనిపిచ్చి అడిగిన, "గింత అవసరమా నీకు? ఎవ్వల కుక్కలు సెయ్యట్లే?" అని.

"దాన్ని తెచ్చింది నేను. నన్ను తీస్కపో అని అది అడగలే గదా" అన్నడు.

నేను పోయి పప్పు పొయ్యి మీద పెట్టిన.

మీ తమ్ముడు పుట్టినప్పుడు మీ అమ్మకు భయమైంది. బొచ్చు రాలుతది, పసిపిల్లగాడు, అని ఏడ్సింది. ఆమెది తప్పు కాదు. మీ తాత కోడలితోని మాట పెంచలే. దాన్ని మెట్ల కింద కట్టేసిండు, రోజు డాబా మీద దువ్వి ఆ బొచ్చంత కవర్ల మూట కట్టిండు, పశుల దవాఖానకు తీస్కపోయి సూదులు ఇప్పిచ్చిండు. పిల్లగాన్ని ఎత్తుకునే ముందు సబ్బుతోని మోచేతుల దాక కడుక్కునుడు. నాకు వంక పెట్టనీకి ఏం దొరకలే.

గట్ల ఏండ్లు గడిసినయి. నువ్వు హైదరాబాద్ హాస్టల్‌కు పోయినవ్. సిన్నోడు ముసలోడైండు. ఎన్క కాళ్ళు పడిపోయినయి. పడుకున్న కాడ్నే అన్ని. మీ నాయిన అన్నడు, "నాయినా, సూది ఏపిద్దాం, దానికి నరకం, మనకు నరకం" అని. మీ తాత, "తింటున్నది గదరా. తిన్నన్ని రోజులు ఉండని" అన్నడు.

ఇగ ఆ సాకుడు సూడాలె బిడ్డా. ఒక్క పక్కనే పండితె పుండ్లు పడతయని మాటిమాటికి అటు ఇటు తిప్పుతుండె. కింద పాత ధోతులు పరుసుడు, తడిస్తె తీసుడు, గోరువెచ్చని నీళ్ళతోని తుడుసుడు, కొబ్బరినూనె రాసుడు. తుడుసుకుంట దానితోని ముచ్చట పెడుతుండె. ఏం ముచ్చట అంటవ్? లారీ ముచ్చట. ఘాట్ రోడ్డు మీద బ్రేకు పడకపోతె ఏం చేసిండు, వానల లారీ దిగబడితె ఎవ్వలు అన్నం పెట్టిండ్రు, గవి. అది కండ్లు మూసుకొని ఇంటుండె. నేను వంటింట్లకెల్లి ఇంటుంటి. నాకు ఒక్కటి గుడ సెప్పలే అవి ఎన్నడు. ఇంటికొస్తె తినుడు, పండుడు అంటి గదా.

సిన్నోడు పోయిండు. ఏడ్సిండు మీ తాత. నేను గుడ ఏడ్సిన, అబద్ధమెందుకు.

తర్వాత నా కథ. నేను బాత్రూం కడుగుతున్న. సబ్బు నీళ్ళు ఎక్కువ పోసిన, అది నా రోగం గదా. జారిపడ్డ. తుంటి బొక్క ఇరిగింది. ఆపరేషన్ అయింది, ఇంటికి తెచ్చిండ్రు, లేవద్దన్నరు. నీకు పరీక్షలున్నయని కింద పడ్డదని మాత్రమే సెప్పినం, ఇది సెప్పలే. మీ నాయిన డ్యూటీకి పోతడు, మీ తమ్ముడు బడికి పోతడు, మీ అమ్మ కోదాడ స్కూలుకు పొద్దున్నే బస్సెక్కుతది. ఒకామెను పనికి పెట్టినం, వచ్చి రెండ్రోజులకే మానేసింది.

ఆ రోజు ఇంట్ల నేను, మీ తాత. నాకు పొద్దుగాల కెల్లి కడుపుల తిప్పుతున్నది. ఎవ్వలకు సెప్పాలె? బిడ్డా, నేను ఎసొంటిదాన్ని. నా మురికి నా కన్నకొడుకు గుడ సూడలే. మీ అమ్మ వచ్చేదాక ఆపుకుందాం అనుకున్న. ఆగలే. పక్కంత ఖరాబైంది. సీర కొంగు మొఖం మీద కప్పుకున్న. సచ్చిపోతె బాగుండు అనిపిచ్చింది.

మీ తాత వచ్చిండు. వాసన తెలుస్తది గదా. పోయిండు, గోరువెచ్చని నీళ్ళు తెచ్చిండు, తువ్వాలలు తెచ్చిండు. నా మోకాళ్ళ మీదికెల్లి ఒక దుప్పటి కప్పిండు, నా సిగ్గు కోసం. దెబ్బ తాకని పక్కకు మెల్లగ తిప్పిండు. ఖరాబైన దుప్పటి సగం సుట్టిండు, ఆ సగంల కొత్తది పరిసిండు, మల్ల తిప్పి అటు లాగిండు. నాకు నొప్పి తెల్వలే. దవాఖానల నర్సమ్మలు చేసినప్పుడు నొప్పి పుట్టె, ఈయన చేస్తె పుట్టలే.

ఇగ తుడుసుకుంట, నోరు ఇప్పిండు. "ఒకపారి ఏమైందో ఎరికేనా, కర్నూలు అవతల లారీ టైరు పగిలింది..." అని మొదలుపెట్టిండు.

అప్పుడు తెలిసింది నాకు ఆ సేతులు యాడ నేర్సుకున్నయో.

ఎట్ల సెప్పాలె నీకు. సిన్నప్పుడు మా అక్క దగ్గరికి పోతె సాగర్ డ్యాం గేట్లు ఎత్తిండ్రు. అంత నీళ్ళు, అంత సప్పుడు. ముంగట నిలబడితె ఒళ్ళంత తడిసింది, కాలు కదపలే నేను, నోరు తెరుసుకొని గట్లనే నిలబడ్డ. మల్ల అసొంటిది నాకు ఆ రోజు మంచంల అయింది. కొంగు తీసి సూసిన. సీపురు యాడుంటదో తెల్వని మనిషి. నేను ఇన్నేండ్లు కాపురం చేసినది ఈయనతోనేనా అనిపిచ్చింది.

జర కోపం గుడ వచ్చింది, దాసిపెట్టుడెందుకు. నేను ఇన్నేండ్లు సెప్తె నేర్వలే, నోరు లేని కుక్క నేర్పింది. అదే అన్న ఆయనతోని.

"నువ్వు సెప్పుడేంది, నేను సీపురు పట్టుకోకముందే నువ్వే ఊడుస్తుంటివి" అన్నడు.

నిజమే గదా అది.

నెల దాటినంక లేసి నడిసిన. ఆ నెలంత పొద్దుగాల ఒక రోడ్డు ముచ్చట, సాయంత్రం ఒక రోడ్డు. ఎక్కడ ఏం తిన్నడు, ఎక్కడ భయపడ్డడు, నువ్వు పుట్టినవని ఫోన్ల సెప్తె లారీ పక్కకాపి ఎట్ల ఏడ్సిండు. ఆ ముప్పై ఏండ్లు ఆయన యాడ తిరిగిండో మంచంల పండుకొని నేను గుడ తిరిగొచ్చిన. తుడిసినప్పుడు మూలలు ఇడిసిపెడుతుండె గని. "గా మూల సూడు" అంటె, "నీది నోరు కాదు" అంటుండె.

ఇప్పుడు మోకాలు పట్టేస్తది నాకు, వంగరాదు. వాకిలి ఆయనే ఊడుస్తడు. నేను కుర్చీ ఏసుకొని కూసుంట. ముగ్గు గుడ ఏస్తడు, వంకర టింకర గీతలు. నేను దిద్ద. ఉండని అంట.

ఆయనకు ఇనిపియ్యకు ఇదంత. సిగ్గుపడతడు. సిగ్గుపడి రెండు రోజులు మాట్లాడడు.

సల్లగుండు బిడ్డా. నీకు మంచి సేతులు దొరకాలె. నీ సేతులకు గుడ ఎవ్వలను ముట్టుకోనీకైనా రోత పుట్టకుండ ఉండాలె... అంతకన్న ఏం అడుగుత దేవున్ని. ఇగ ఆపు గా ఫోను. పాలు పొయ్యి మీద పెట్టినట్టున్నడు మీ తాత, సూడు, మాడు వాసన...