తాత లోపలి క్లిప్పులు

"అమ్మమ్మా, తాతకు లోపల పెట్టిన క్లిప్పులు తుప్పు పట్టవా?"

పట్టవు బిడ్డా, గది తుప్పు పట్టే లోహం కాదు. జర నిమ్మలంగ ఇను. మొగోళ్లకు మూత్రం తొవ్వ సుట్టూ ప్రోస్టేట్ అని గ్రంథి ఉంటది. వయసు మీద పడితే ఉబ్బి తొవ్వను ఒత్తుతది. మా మిర్యాలగూడ బడిల కిటికీ తెరలు పక్కకు లాగి కట్టేటోళ్లం సూడు, గట్లనే ఆ కండను పక్కకు లాగి సన్న క్లిప్పులేసిండు సూర్యాపేట డాక్టరు.

మొదట్ల మంట. మీ తాత ఒకటే పరేషాన్. "పరాయి వస్తువు ఒంట్ల ఇముడుతదా? తీసెయ్యమంట. మళ్ల మూత్రం పైపు పెట్టినా సరే" అన్నడు. క్లిప్పులకు ముందు ఆ పైపు, ఆ మూత్రం సంచి ఉన్నన్ని దినాలు మనిషి గడప దాటలే.

నీ సెవులు కుట్టిచ్చినప్పుడు గూడ గిట్లనే ఎర్రగ ఉబ్బినయ్. మీ అమ్మ పోగులు తీస్తనంటే నేనే ఆపిన. ఒళ్లు ముందు కొత్తదాన్ని తరుముతది. పోదని తెలిసినంక దాని సుట్టూ సన్నగ తోలు అల్లుకుంటది, మనకు తెలువకుండనే. గదే సెప్పిన.

"ఓ టీచరమ్మా, నాది సెవా?" అన్నడు.

అసలు సంగతి తర్వాత తెలిసింది. నీళ్లిస్తే పెదాలు తడిపి పక్కకు పెడుతుండు. ఏందంటే, "పుండుకు నీళ్లు తగిలితే చీము పట్టదా? పథ్యం చేస్తున్న" అన్నడు! మా అత్త కాలం మాట. కాలి పుండుకైతే సరే గని... నీళ్లు తాగకుంటే మూత్రం చిక్కబడి ఇంకింత మండుతది. క్లిప్పు మొన మూత్రం తొవ్వలకు తేలి ఉంటే దాని మీద రాయి లెక్క పేరుకుంటది గూడ, బోరు నీళ్లు కాగబెట్టిన గిన్నెకు తెల్లగ పట్టినట్టు. ఆ పొద్దు సంది పక్కన కూసొని తాపిన.

తీసెయ్యమని పోతే, ముందు సూద్దామని డాక్టరు సన్న కెమెరా పెట్టిండు. టీవీ మీద అంతా గులాబి రంగు బిడ్డా, తడితడిగ, పొద్దు పొడవక ముందు మొగులు లెక్క.

"క్లిప్పేది?" అన్నడు మీ తాత.

"ఇగో, ఈ మెత్తటి గీత కింద. కండ కప్పుకుంటున్నది. అందరికీ ఇంత మంచిగ కాదు."

మీ తాత సూసి సూసి, "ఉండనియ్యిండ్రి సార్, పాపం" అన్నడు.

వచ్చేటప్పుడు బస్సుల... ఎప్పుడు మూత్రానికి దిగాల్సొస్తదో అని ఇన్నేండ్లు డోరు పక్క సీటు కోసం కొట్లాడిన మనిషి, కిటికీ కాడ కూసొని వరి పొలాలు సూసుకుంట సూసుకుంట నిద్రపోయిండు. మేం దిగే కోదాడ వచ్చినా లేపబుద్ధి కాలే. గసొంటి నిద్ర నీకు గూడ దొరకాలె బిడ్డా, పట్టపగలు, ఏ బుగులు లేకుంట...