పసుపు కింద తెల్లగీత: శ్రీ లింగరాజు గారు

1989 నవంబరు ఆరవ తేదీన శ్రీ లింగరాజు గారు మన లాంచీల సంస్థలో టిక్కెట్ల గుమాస్తాగా చేరారు. అప్పటికి ఆయన వయస్సు ఇరవై మూడేళ్ళు. తాతగారు బర్మాకు వచ్చి యాంగోన్ రేవులో బస్తాలు మోశారు. తండ్రిగారు అదే రేవులో కాపలా కాశారు. లింగరాజు గారు ఆ రేవు నుండి నది అవతలి దలాకు నడిచే లాంచీలన్నింటికీ అధికారియై, ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు.

ఇటువంటి వీడ్కోలు సంచికల్లో అందరినీ అజాతశత్రువులని రాస్తారు. లింగరాజు గారు అజాతశత్రువు కారు. ఆయన చేసిన ఉద్యోగం అటువంటిది. అందరికీ నచ్చిన మనిషి చేతిలో లాంచీలు పెడితే అవి ఎంతోకాలం తేలవు.

నాలుగేళ్ళ గుమాస్తాగిరీ తరువాత ఆయనను సామాన్ల గిడ్డంగికి మార్చారు. పుచ్చిన మోకులకు రంగు వేసి కొత్తవిగా పంపే అలవాటు అక్కడ ఉండేది. వెళ్ళిన వారంలోనే ఆయన ఆ మోకులను రేవు మీద అందరి ఎదుటా నరికించారు. ఆ మోకులు సరఫరా చేసినవాడు ఆయనకు దూరపు బంధువు. ఆ చుట్టరికం అక్కడితో ముగిసింది. 1997లో సంస్థ ఆయనను సూపరింటెండెంటుగా నియమించింది. అప్పుడాయన చేసిన మొదటి పని, ప్రతి లాంచీకీ పక్కన, నీటిమట్టానికి కొంచెం పైగా, ఒక తెల్లగీత గీయించడం. జనం ఎక్కేకొద్దీ లాంచీ కిందికి దిగుతుంది. గీత నీటిని తాకితే ఆపై ఒక్కరినీ ఎక్కించరాదు. నిబంధన అంతే. బడికి వెళ్ళనివారికి కూడా అర్థమయ్యే నిబంధన.

మరుసటి ఏడాది దసరా వచ్చింది. ఆయుధపూజ నాడు పొద్దున్నే మన ఆడవాళ్ళు మనవాళ్ళుండే మింగళ తౌంగ్‌న్యున్ పేట నుండి పసుపు కుంకుమలతో రేవుకు వచ్చారు. ముందు నడిచింది తాయారమ్మ గారు, లింగరాజు గారికి స్వయానా అత్తగారు. ఆటుకు నది నీరు వెనక్కి తీసిన వేళ, బురదలో నిలబడి లాంచీని కడుగుతుంటే ఆమెకు తెల్లగీత కనిపించింది. నిడుపాటి తెల్లగీతను చూస్తే మన ఆడవాళ్ళకు గడపే గుర్తుకొస్తుంది. నూనెలో కలిపిన పసుపుతో ఆ గీత పొడవునా దట్టంగా మెత్తి, వరసగా కుంకుమ బొట్లు పెట్టారు. చూడముచ్చటగా ఉందని అందరూ అనుకున్నారు. నిజంగానే ఉంది.

మధ్యాహ్నానికి పోటు వచ్చింది. దలా వైపు అమ్మవారి ఉత్సవానికి వెళ్ళేవాళ్ళతో లాంచీ నిండింది. లింగరాజు గారు రేవు పలక మీద నిలబడి గీత కోసం చూశారు. నది నీరు పసుపు రంగు, పసుపు మెత్తిన లాంచీ ఒళ్ళూ అదే రంగు. ఎక్కడ ఒకటి ముగిసి ఎక్కడ రెండోది మొదలవుతున్నదో తెలియలేదు. ఆయన లుంగీ ఎగ్గట్టి, పక్కన వేలాడే టైర్ల మీద కాలు పెట్టి దిగి, భుజం మీది తువ్వాలు తీశారు. ఒక క్షణం ఆయన చెయ్యి ఆగింది. ఆ బొట్లు ఎవరు పెట్టారో ఆయనకు తెలుసు. వాటిని మగవాడు చెరిపితే జనం ఏమంటారో కూడా తెలుసు. ఇంట్లో భార్య సత్యశ్రీ గారికి ఏమని చెప్పాలన్నది మాత్రం తెలియలేదు.

తుడిచారు.

లాంచీలో కేకలు లేచాయి. “ఏటి బాబూ ఇది!” అన్నారు తాయారమ్మ గారు, కమ్మీ మీదినుండి వంగి. “ముత్తయిదువులు ఎట్టిన బొట్టు సెరిపేస్తావా? నీకు సెయ్యెలాగొచ్చింది?”

“బొట్టు కింద గీతుందత్తా.”

“గీత నువ్వు గీసినావు. బొట్టు అమ్మోరికి ఎట్టినాం. ఏది పెద్దది?”

లాంచీలో కూలీగా పనిచేస్తున్న కోటిబాబు పైనుండి అందుకున్నాడు. “అత్తా, ఆరతి పళ్ళెం కూడా ఇచ్చీ. సూపర్డెంటు గారు ఊదీసి మరీ ఎల్తారు!” జనం ఘొల్లున నవ్వారు.

నీటికి పైనున్న పసుపంతా తుడిచినా గీత కనిపించలేదు. లింగరాజు గారు చేతిని నీళ్ళలోకి దించి రుద్దారు. అరచేయి లోతున తెల్లగా తేలింది. సంస్థ యజమాని గారు రేవు పైనుండి, లింగరాజు గారిని బర్మా పద్ధతిలో పిలుస్తూ, బర్మీస్‌లో, “ఈ ఒక్క రోజుకీ పోనీ, ఊ లిన్” అన్నారు. “సయా, పండగని నది తగ్గదు” అని మర్యాదగానే బదులిచ్చి, లింగరాజు గారు గీత పైకి లేచేవరకు జనాన్ని దింపించారు. దిగినవాళ్ళలో మొదటిది తాయారమ్మ గారే. ఆయన చెప్పకముందే దిగి, వెనుదిరిగి ఇంటికి వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళు రెండో విడతలో క్షేమంగా దాటారు.

ఆ రోజు ఏ ప్రమాదమూ జరగలేదు. కాబట్టి ఎవరూ ఆయనకు కృతజ్ఞత చెప్పలేదు. మునిగిన లాంచీని నలుగురూ చూస్తారు. మునగని లాంచీని ఎవరూ చూడరు. మనవాళ్ళు చూసింది ఒక్కటే, చెరిగిన బొట్టు. తాళి కట్టే ముందు పెద్దలందరూ తాకి దీవించడానికి మంగళసూత్రం పళ్ళెంలో పెట్టి తిప్పుతారు గదా. నాటి నుండి మన పెళ్ళిళ్ళలో ఆ పళ్ళెం లింగరాజు గారి ముందు ఆగలేదు. ఆయన వరసలో కూర్చునేవారు, పక్కవాళ్ళు తాకేవారు, పళ్ళెం ఆయనను దాటిపోయేది. ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకొని, భోజనం చేసి, వధూవరులకు మంచిమాట చెప్పి వచ్చేవారు. ఏ పెళ్ళీ మానలేదు. ఎవరినీ నిలదీయలేదు. ఇది ఔదార్యమని కొందరంటారు. తాను చేసినది సరైనదని తెలిసినవాడి నిబ్బరం అనడం నిజానికి దగ్గర.

మరుసటి దసరాకు ఆయన ప్రతి లాంచీ ముక్కు మీదా పసుపు కుంకుమల కోసం ఎర్రరంగుతో పీట బొమ్మ వేయించారు. ఆడవాళ్ళు అక్కడే పూజ చేయడం మొదలుపెట్టారు. 2006లో ఆయన లాంచీల విభాగానికంతటికీ అధికారి అయ్యారు. 2008లో తుఫాను రాకముందే, ఆకాశం నిర్మలంగా ఉండగా, లాంచీలన్నింటినీ ఎగువ కాలువలోకి తరలించి కట్టించారు. రాబడి పోయిందని సణిగినవారు మూడో రోజున నోరు మూసుకున్నారు. ఆయన హయాంలో మన సంస్థ నదిలో ఒక్క ప్రాణాన్నీ పోగొట్టుకోలేదు. ఇంతకు మించిన బిరుదు నీటి మీద ఉద్యోగానికి లేదు.

ఆనాడు అల్లుడు చేసినది సరైనదని తాయారమ్మ గారు ఈనాటికీ ఒప్పుకోలేదు. కాని ఎనభై దాటిన ఆ వయస్సులోనూ దలాకు వెళ్ళే ప్రతిసారీ, పలక మీద ఆగి, నడుం వంచి, గీత కోసం చూశాకే కాలు పెడతారు. గత నెలలో లాంచీ నడిపే సరంగునే నిలదీశారు: “గీత కానరాదేటిరా? ఇద్దర్ని దింపు. దింపితేగాని నేనెక్కను.” ఆ సరంగు మరెవరో కాదు, కోటిబాబు గారు. నవ్వకుండా దింపారు.

వచ్చే మాఘమాసంలో కోటిబాబు గారి కుమార్తె జయశ్రీ వివాహం. శుభలేఖ ఇవ్వడానికి కార్యాలయానికి వచ్చి, అందరూ వింటుండగా ఆయన లింగరాజు గారితో అన్నారు: “బాబూ, పళ్ళెం ముందు మీ కాడికే ఒస్తాది. మీరు ముట్టుకున్నాకే ఇంకెవులైనా. మా ఆడోళ్ళకి సెప్పీసినాను.” లింగరాజు గారు తలవంచి శుభలేఖ తీసుకున్నారు. “గీత చూసుకో కోటీ. పెళ్ళోళ్ళ లాంచీ బరువుంటాది” అన్నారు.

ఈ పిలుపు చాలా ఏళ్ళు ఆలస్యంగా వచ్చింది. ఆ ఆలస్యం మనది, ఆయనది కాదు. ఆ బాకీ తీరాలంటే ఇకపై మన ప్రతి పెళ్ళిలోనూ పళ్ళెం ముందుగా ఆయన ఎదుట ఆగాలి. అందుకు ఆయనకు ఆరోగ్యం కావాలి, కాలం కావాలి. శ్రీ లింగరాజు గారు, శ్రీమతి సత్యశ్రీ గారు మన మనుమల పెళ్ళిళ్ళకు కూడా వచ్చి, ముందు వరసలో కూర్చుని, నిండు నూరేళ్ళూ ఆ చేతులతోనే దీవిస్తూ ఉండాలి.