రెండో విజిలు

ఆదివారం పొద్దు వాలిందంటే కండక్టరుగారింటి ముందు మెట్ల మీద వారం వార్తలు మొదలవుతాయి. రాసేది ఆయనే, చదివేది ఆయనే, మధ్యలో దగ్గేది కూడా ఆయనే. ముందు దేశంలో జరిగినవి, తర్వాత ఆటలు, చివర ఇంటి సంగతులు. వినడానికి ముగ్గురు వస్తారు. ఒకడు ఆయన బస్సు నడిపే డ్రైవరు, వరసకేమీ కాకపోయినా ఇద్దరూ బావా అని పిలుచుకుంటారు. ఇంకొకరు పై అంతస్తులో ఉండే లెక్కల మేష్టారు, ఉద్యోగం అయిపోయినా లెక్క అడగడం మానలేదు. మూడో మనిషి ఎదురుగా మందుల కొట్టు నడిపే ఆవిడ. కొట్టు మీద ఒక కన్ను వేసి ఉంచుతుంది కాబట్టి సగమే వింటుంది. సగం వింటే చాలు. మిగతా సగం వచ్చే వారం మళ్ళీ వస్తుంది, ఇంకొంచెం పెద్దదై.

ఆయన భార్య గుమ్మం పక్కన కుర్చీలో కూర్చుని ఉంది. ఒళ్ళో కూతురి ఫుట్‌బాల్ చొక్కా. వీపు మీది తొమ్మిది అంకె ఒక పక్క ఊడి వేలాడుతోంది. సూదిలో దారం ఎక్కించింది గానీ కుట్టడం లేదు. కుట్టాలో, మిగతాది కూడా విప్పేసి చొక్కా కోచ్‌కి తిరిగి ఇచ్చెయ్యాలో ఇంకా తేలలేదు.

మధ్యాహ్నం అమ్మాయి చెప్పింది. పద్నాలుగేళ్ళ పిల్ల, ఏడవకుండా చెప్పింది.

"వచ్చే ఆదివారం వాళ్ళతోనే మళ్ళీ ఆడాలి. నాన్న వస్తే నేను వెళ్ళను. నాన్నకి నువ్వు చెప్తావా, చొక్కా ఇచ్చెయ్యమంటావా?"

ఏం జరిగిందే అంటే, ఆయన్నే అడుగు అంది. పొద్దున ఆవిడ మ్యాచ్‌కి వెళ్ళలేదు. నీళ్ళ పైపు బాగుచేసే మనిషి వస్తానంటే ఇంట్లో ఉండిపోయింది. అతను రానూ లేదు.

సరే చెప్తానంది. అన్నం దగ్గర చెప్పబోతే ఆయన పెట్రోలు ధర గురించి మాట్లాడుతున్నాడు. తిన్నాక చెప్పబోతే పడుకున్నాడు. నిద్రలో కూడా ఎవరినో లోపలికి జరగమంటున్నాడు. టీ ఇస్తూ, "ఏవండీ, ఒక మాట" అంది. "ఒకటేమిటి, పది చెప్పు" అని పదకొండోది తనే మొదలుపెట్టాడు. ఆయన మాటకీ మాటకీ మధ్య సందు దొరకడం కంటే, ఆఫీసు వేళ ఆయన బస్సులో కిటికీ పక్క సీటు దొరకడం తేలిక.

ఇక మిగిలింది వినడమే. ఇన్నేళ్ళుగా ఆయన కోతల్లోంచి అసలు సంగతి ఏరుకోవడం ఆవిడకి అలవాటే. అందరూ బియ్యంలో రాళ్ళు ఏరుకుంటారు. ఆవిడ రాళ్ళలో బియ్యం ఏరుకుంటుంది.

"పెద్దగా ఏం లేదు మేష్టారూ, ఈ వారం మనం చేసింది చిన్న పనే," అన్నాడు కండక్టరు, పెద్ద కథ చెప్పేముందు ఎప్పుడూ అనే మాట. "మొన్న బస్సు పల్లంలోకి దిగుతోందా, వెనకాల ఒక ముసలావిడ పరిగెత్తుకొస్తోంది, చంకలో గడియారం, గోడ గడియారం, అది గంటలు కొడుతూనే ఉంది, నేను చూశాను, విజిలు ఒక్కటి కొట్టాను, బస్సు ఆగింది. ఆవిణ్ణి ఎక్కించుకున్నాను, రెండు కొట్టాను, కదిలింది. అంతే."

"అది నిజమే," అన్నాడు డ్రైవరు. ఆ సాయంత్రం అతను ఆ మాట అనడం అదే మొదలు, అదే చివర.

పరిగెత్తేవాళ్ళని వదిలేసి బస్సు పోనివ్వడన్న పేరు ఆయనకి ఉంది. ఆ పేరు కోత కాదు. ఎవరైనా పరిగెడుతూ కనబడితే చాలు, ఆయన చెయ్యి మెడలో విజిలు మీదికి వెళ్తుంది. ఆదివారాలు కూడా ఆ విజిలు మెడలోనే ఉంటుంది. తీసెయ్యమని ఆవిడ చెప్పడం మానేసి చాలా కాలమైంది.

"ఇక ఆటలు," అన్నాడు గొంతు సవరించుకుని. ఆవిడ సూది పక్కన పెట్టి చెవి అటు పెట్టింది.

"పొద్దున మన అమ్మాయి మ్యాచ్‌కి వెళ్ళానా, చెరొక గోలూ కొట్టి ఉన్నారు, ఇంకాసేపట్లో ఆట అయిపోతుంది, నేను గీత పక్కనే నిలబడ్డాను, నిలబడ్డానంటే ఊరికే కాదు, కోచే వచ్చి, సార్, మీలాంటి అనుభవం ఉన్నవాళ్ళు దగ్గరుంటే మాకు కొండంత ధైర్యం అన్నాడు."

ఆ కోచ్‌ని ఆవిడ ఎరుగును. ఈయన లోపలికి రాకుండా గీత వెంబడి తాడు కట్టించింది అతనే.

"ఎవరు గెలిచారు?" అన్నారు మేష్టారు.

"వస్తున్నా మేష్టారూ, మీ స్టాపు రానివ్వండి. అవతలి జట్టులో ఒక పిల్ల ఉంది, పిల్ల కాదు బీరువా, వచ్చి మన అమ్మాయి కాళ్ళకి అడ్డం పడబోతోంది, రిఫరీ అటు చూస్తున్నాడు, నేను ఇటు చూస్తున్నాను, మరి తండ్రిని కదా, ఒక్కటంటే ఒక్కటి కొట్టాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

మందుల కొట్టావిడ తెలియదన్నట్టు తల ఊపింది. ఊపకపోయినా చెప్పేవాడే.

భార్య మాత్రం అక్కడే ఆగిపోయింది. మైదానంలో విజిలు ఊదాడన్నమాట. మొదటి బియ్యపు గింజ దొరికింది. ఎందుకో పిల్ల చిన్నప్పటి రోడ్డు గుర్తొచ్చింది. నడక వచ్చిన కొత్తలో దానికి రోడ్డు దాటడం నేర్పింది ఆయనే. ఒకటి కొడితే ఆగాలి, రెండు కొడితే నడవాలి. వీధిలో అందరూ నవ్వేవాళ్ళు. పిల్ల మాత్రం ఎంత ఉరుకులో ఉన్నా ఒక్క విజిలుకి బొమ్మలా నిలబడిపోయేది.

లోపలి గదిలో మంచం కిర్రుమంది. తలుపు తీసే ఉంది.

"మైదానం మొత్తం ఆగిపోయింది అన్నయ్యగారూ అంటే నమ్ముతారా," అని ఆయన కొట్టావిడని అడిగాడు, తనని అన్నయ్యా అని పిలిచేది ఆవిడే అన్న సంగతి కూడా మరిచిపోయి. ఇరవై రెండు మంది పిల్లలూ ఎక్కడి వాళ్ళక్కడ ఆగారట. బంతి గాల్లో ఆగిందట. దాని మీద ఒక కాకి వచ్చి వాలిందట, కావాలంటే కాకిని అడగమన్నాడు. అక్కడితో సరిపెట్టుకునే మనిషైతే భార్యకి ఇన్ని తలనొప్పి మాత్రలు కావలసి వచ్చేవి కావు. విజిలు మైదానం గోడ దాటి రోడ్డు మీదికి వెళ్ళిందట. అటు వెళ్ళే బస్సులన్నీ వరసగా ఆగి, డ్రైవర్లంతా తలలు బయట పెట్టి ఎవరు దిగాలని అడిగారట.

"నేను అడగలేదే," అన్నాడు డ్రైవరు.

"నీకు సెలవు కదా బావా. ఇంట్లో నీ ఫ్యాను ఆగలేదూ?"

"కరెంటు పోయింది."

"కరెంటు ఎందుకు పోయిందంటావ్?"

డ్రైవరు టీ తాగాడు. కండక్టరుకి ఇక పట్టపగ్గాల్లేవు. పైన విమానం పోతోందట, అది కూడా నిలబడి, నడిపేవాడు కిటికీ తీసి, ముందు తలుపా వెనక తలుపా అని అడిగాడట. టీవీలో వార్తలు చదివే అమ్మాయి వాక్యం మధ్యలో నోరు తెరిచినట్టే ఉండిపోయిందట. రాజధానిలో ఒక మంత్రి ధరలు తగ్గుతాయని చెబుతూ చెబుతూ 'తగ్గు' దగ్గర ఆగాడట, పెట్రోలు ధర మాత్రం ఎక్కుతూ ఎక్కుతూ మెట్టు మీద ఒక కాలు పెట్టి నిలబడిందట.

"ఆ పని మాత్రం వారం వారం చెయ్యండి అన్నయ్యా," అంది కొట్టావిడ.

"ఎవరు గెలిచారు?" అన్నారు మేష్టారు.

"అసలు వినండి మేష్టారూ, ఆ తర్వాత ఏమైందో తెలుసా, నా కాళ్ళ కింద చిన్న కుదుపు, మన బస్సు బ్రేకు వేస్తే వస్తుందే, అలాంటిది. ఏమిటా అని చూద్దును కదా, చెట్ల నీడలు కదలడం లేదు. ఎండ ఎక్కడిదక్కడే ఉంది. భూమండీ. భూమే ఆగింది."

భార్య కళ్ళు మూసుకుంది. పొద్దున్నుంచీ ఆయన నోరు ఇంతగా ఎందుకు ఆడుతోందో ఇప్పుడు కొంచెం అర్థమవుతోంది. ఏదో ఒకటి జరిగిన రోజునే ఆయనకి ఇన్ని జరుగుతాయి. ఉన్నదాన్ని దాచడానికి దాని మీద విమానాలు, మంత్రులు, భూగోళం పేర్చుకుంటూ పోతాడు. ఇన్నిటిలో అమ్మాయి ఏమైందో ఒక్క ముక్క రాలేదు. అందరూ ఆగారు. కాకి కూడా వచ్చింది. అమ్మాయి ఏదీ?

మేష్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. లెక్క తప్పు దొరికినప్పుడు ఆయన చేసే పని అది.

"భూమి ఆగిందన్నావు. బాగుంది. ఇప్పుడు చీకటి పడుతోంది, అంటే మళ్ళీ కదిలింది. ఆగడానికి ఒకటి, కదలడానికి రెండు, నీ లెక్కే కదా. ఆ రెండూ ఎప్పుడు కొట్టావు?"

కండక్టరు నోరు తెరిచాడు. ఆవిడకి గుర్తున్నంతలో, ఆ నోరు తెరుచుకుని మాట లేకుండా ఉండటం అదే మొదటిసారి.

"కొట్టలేదు."

అన్నది ఆయన కాదు. అమ్మాయి గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో ఎవరూ చూడలేదు.

"మైదానంలో ఎవరూ ఆగలేదు నాన్నా. రిఫరీ విజిలు వేరేలా ఉంటుంది, అది అందరికీ తెలుసు. నేనొక్కదాన్నే ఆగాను."

కొట్టు ముందు ఎవరో వచ్చి నిలబడ్డా కొట్టావిడ లేవలేదు.

"నా ముందు గోల్‌కీపరు తప్ప ఎవరూ లేరు. బంతి నా కాలి దగ్గరే ఉంది. నువ్వు ఒకటి కొట్టావు, నా కాళ్ళు ఆగిపోయాయి. రెండు కొడతావని నిలబడ్డాను. ఈలోపు ఆ గోల్‌కీపరే వచ్చి బంతి పట్టుకుపోయింది. ఎందుకాగావే అని మా వాళ్ళంతా అడుగుతున్నారు. ఏమని చెప్పను?"

"ఆ బీరువా..." అన్నాడు ఆయన.

"ఏ బీరువా అండీ?" అంది భార్య. పొద్దున్నుంచీ ఆవిడకి దొరికిన సందు అదొక్కటే.

ఆయన మెట్టు వైపు చూశాడు. డ్రైవరే నెమ్మదిగా అందుకున్నాడు.

"నువ్వు పరిగెడుతున్నావు కదమ్మా. పరిగెత్తేవాళ్ళు కనబడితే మీ నాన్న చెయ్యి ఆగదు. నాకు తెలుసు, రోజూ బ్రేకు వేసేది నేనే."

ఆ ముక్క అమ్మాయికి ముందే తెలిసినట్టుంది. తెలిసినా కోపం పోలేదు, ఆవిడకి అది కూడా కనబడుతూనే ఉంది.

"వచ్చే ఆదివారం రమ్మంటావా, వద్దంటావా?" అని అడిగాడు కండక్టరు. అందులో కోత లేదు, దగ్గు లేదు. ఆయన గొంతు ఇంత చిన్నదని ఆ మెట్ల మీద ఎవరికీ తెలియదు.

అమ్మాయి ఆయన మెడలో విజిలు వైపు చూసింది. ఆవిడ చొక్కా పట్టుకుని ఎదురుచూసింది. ఊడిన అంకె ఆవిడ వేళ్ళ మధ్య నలిగిపోతోంది.

"నువ్వు రా. అది రాకూడదు."

ఆయన మెడలోంచి తాడు తీశాడు. చెవికి చిక్కుకుంటే విడిపించుకుని, లేచి వచ్చి, విజిలు భార్య ఒళ్ళో చొక్కా మీద పెట్టాడు. మళ్ళీ వెళ్ళి మెట్టు మీద కూర్చున్నాడు. చెయ్యి ఒకసారి ఖాళీ మెడ మీదికి వెళ్ళి, ఏమీ దొరకక, మోకాలి మీదికి వచ్చింది.

"రేపు డ్యూటీకి?" అన్నాడు డ్రైవరు.

"పొద్దున తీసుకుంటాలే."

మేష్టారు కళ్ళజోడు పెట్టుకుని, ఇప్పటికైనా తేలుస్తారా అన్నట్టు అమ్మాయి వైపు చూశారు.

"డ్రా అయింది తాతగారూ," అంది అమ్మాయి. "చెరొకటీ." ఆ మీదట తల్లి వైపు తిరిగింది. "ఏమిటమ్మా అలా చూస్తున్నావు? కుట్టు. ఈసారి గట్టిగా కుట్టు, పోయినసారి నువ్వు కుట్టింది రెండు ఉతుకులకే ఊడిపోయింది."