బారెడు దారం

ఏంటే ఆ గీకుడు? ఓ, మీ తాతయ్య క్లారినెట్టా! ఇటు వెలుతురులోకి రా, నాకూ కనపడనీ. పైముక్కా కిందిముక్కా అతికేచోట కార్కు అరిగిందంటావా? మరి అరగదూ, నీ వయసుకి మూడింతలుంటుంది దాని వయసు. ముందు కార్కు మీద చుట్టిన ఆ దారం విప్పు. మెల్లిగా... మా అన్నయ్య, అదే మీ తాతయ్య, తన చేత్తో చుట్టిన దారమది. ఆ రోజుల్లో టౌను బ్యాండులో ముందు వరసలో కూర్చునేవాడు. ముందు వరసంటే మాటలా! ఓసారి, తెల్లారితే కచేరీ అనగా, కొత్త కార్కు కోసి అతికిస్తూ బొటనవేలు కూడా కోసుకున్నాడు. "చెల్లీ, జిగురు ఆరాక గరుకు కాగితంతో నాలుగుసార్లు రుద్దు, పెట్టి చూడు. బిగుతుగా ఉంటే మళ్ళీ నాలుగు. అంతే సుమా" అని చెప్పి కట్టు కట్టించుకోడానికి పోయాడు. నాకా, ఓపికెక్కడిది? మాడిన గిన్నె తోమినట్టు తోమేశా. ఇట్టే దూరింది. అబ్బ, ఎంత బాగా దూరిందోనని మురిసిపోయా కూడా, పిచ్చిమొద్దుని! మర్నాడు కచేరీలో అందరూ ఆపి తనొక్కడే వాయించే చోటొచ్చింది. లేచాడు, ఊదాడు, కింది సగం ఊడి డ్రమ్ములాయన ఒళ్ళో పడింది. హాలంతా ఒకటే నవ్వు. బ్యాండు మాస్టారైతే, ముక్కుతో మాట్లాడేవాడులే, "వాయిద్యం చూసుకోలేనివాడికి ముందు వరసెందుకయ్యా?" అన్నాడు. "నాదే పొరపాటండీ, ఎక్కువ రుద్దేశాను" అన్నాడు అన్నయ్య. నేనక్కడే ఉన్నానే. రుద్దింది నేనని ఒప్పుకోలేదు. వెనక వరసకి పంపించారు, మళ్ళీ ముందుకి రానేలేదు.

ఆ తర్వాత నెలకోసారి నా కుట్టుమిషను దగ్గరకొచ్చేవాడు. "చెల్లీ, బారెడు దారం ఇస్తావా?" వాళ్ళింట్లో లేకనా? మీ నానమ్మ దగ్గర డబ్బాడు దారం. అయినా ఇచ్చేదాన్ని. తీసుకుని కాసేపు ఊరికే కూర్చునేవాడు. వదులుకి చుట్టుకుంటున్నాడని తెలుసు, ఎందుకని మాత్రం అడగలేదు. అడిగితే ఆ పాత మాట నేనే ఎత్తాలి కదా, భయం. ముప్పై ఏళ్ళిచ్చా! నేను పాడుచేసిన కార్కు ఎప్పుడో మార్చుంటాడు, ఆ కొత్తదీ అరిగి వదులైందేమో అనుకున్నా... ఏదీ, వచ్చేసిందా దారం? ఇలా తిప్పు. ఓ పక్క పల్చగా, ఓ పక్క మందంగా... ఇది నా రుద్దుడే తల్లీ. మార్చనేలేదు! గంట పని కదా, ఎందుకు మార్చలేదంటావ్? నన్ను చూస్తావేం, నాకేం తెలుసు? దారం కోసమే వచ్చేవాడో, నేనే చెప్తానేమోనని వచ్చి కూర్చునేవాడో...

సరే, ఆ కొత్త ముక్క అతికించు. కాగితం నాకివ్వకు, నువ్వే రుద్దు. నాలుగుసార్లే. పెట్టి చూడు.